తాళం మొండికేస్తే ముందు తాళం చెవిని చూడండి

పాత బండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకటే గొడవ. కీ తిరగడం లేదు, తిరిగితే రావడం లేదు, వస్తే లోపల సగం ఉండిపోయింది. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపి, ఈసారి తాళాల మీదే కూర్చున్నాను.

*

ప్రశ్న: నమస్తే సార్. మాది రాజమండ్రి. మా నాన్నగారి 1972 అంబాసిడర్, మార్క్ 2, ఆయన పోయాక మూడేళ్లు షెడ్డులోనే ఉండిపోయింది. ఇప్పుడు బయటికి తీసి నేనే నడుపుతున్నాను. ఇంజిన్ బాగానే ఉంది గానీ ఇగ్నిషన్ తాళమే ప్రాణం తీస్తోంది. ఒక్కోసారి కీ పెట్టగానే తిరుగుతుంది, ఒక్కోసారి పది నిమిషాలు ఊపినా కదలదు. ఒక్కోసారి ఆన్ అయ్యాక వెనక్కి రాదు, అప్పుడు టాప్ గేరులో వేసి బ్రేకు తొక్కి ఇంజిన్ ఆపుకుంటున్నాను. మొన్న గోదావరి గట్టు దగ్గర అదే పని చేయాల్సొచ్చింది. మెకానిక్ నూనె స్ప్రే కొట్టాడు, వారం బాగుంది, మళ్ళీ మొదటికొచ్చింది. డూప్లికేట్ కీ చేయిస్తే అది అసలు దానికన్నా అధ్వాన్నం. లాక్ మొత్తం మార్చేయమంటున్నారు. నాకేమో మనసొప్పడం లేదు, ఆ కీ నాన్నగారి జేబులో తిరిగిన కీ. ఏం చెయ్యమంటారు?

జవాబు: లాక్ మార్చకండి. కనీసం ఇదంతా చదివేదాకా మార్చకండి. మీ ఉత్తరంలోనే సగం జవాబు ఉంది. డూప్లికేట్ అసలు దానికన్నా అధ్వాన్నంగా ఉందన్నారు చూడండి, అక్కడ.

దానికంటే ముందు ఒక జాగ్రత్త. కీ ఆన్‌లో ఇరుక్కున్నప్పుడు ఇంజిన్ ఆపేసి ఇంటికెళ్ళిపోతే కుదరదు. డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లు, అంటే కరెంటుని కలిపి విడదీసే చిన్న కాంటాక్టులు, కలిసి ఉన్న చోట ఇంజిన్ ఆగిందనుకోండి, స్పార్కు పుట్టించే ఇగ్నిషన్ కాయిల్లోంచి కరెంటు పారుతూనే ఉంటుంది. ఆ రకం కాయిల్ రెసిస్టెన్స్ సుమారు 3 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు, అంటే 4 ఆంపియర్ల చిల్లి అన్నమాట. పది గంటలకి 40 ఆంపియర్ అవర్లు. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ అవుతుంది, అది చార్జింగ్ పెట్టుకోవచ్చు, కానీ కాయిల్ వేడెక్కి పాడైతే కొత్తది కొనాల్సిందే. అందుకని బ్యాటరీ టెర్మినల్‌కి సరిపడే స్పానర్ ఒకటి ఎప్పుడూ కార్లో ఉంచండి. కీ ఇరుక్కుంటే, మీరు చేసినట్టే ముందు ఇంజిన్ ఆపి, ఆ తర్వాత బ్యాటరీని బాడీకి కలిపే ఎర్త్ కేబుల్ విప్పండి. ఇంజిన్ తిరుగుతుండగా మాత్రం విప్పకండి, దానివల్ల ఇంజిన్ ఆగదు సరికదా డైనమో కరెంటుని అదుపులో ఉంచే రెగ్యులేటర్ దెబ్బతింటుంది. ఇంకో సంగతి, ఆ కాలపు బ్రిటిష్ డిజైన్ బండ్లు కొన్ని, బ్యాటరీ ప్లస్ కొసని బాడీకి కలిపే పాజిటివ్ ఎర్త్‌తో వచ్చేవి. నెగటివ్ అని గుడ్డిగా తీయకుండా, ఏ కేబుల్ బాడీకి బిగించి ఉందో కళ్ళారా చూసి దాన్నే తీయండి. అలా అయితే స్పానర్ పొరపాటున బాడీకి తగిలినా నిప్పు రవ్వలు రావు.

ఇప్పుడు తాళం సంగతి. లోపల ఏముందో ఒక్కసారి ఊహించుకుంటే మిగతాదంతా మీకే అర్థమవుతుంది. మీరు కీ పెట్టే గుండ్రటి ముక్కని బ్యారెల్ అంటాం. దాని అడ్డంగా పల్చటి ఇత్తడి రేకులు వరసగా ఉంటాయి, ఒక్కో రేకు మధ్యలో ఒక కిటికీ, పక్కన వెంట్రుకంత స్ప్రింగు. కీ లేనప్పుడు స్ప్రింగులు ఆ రేకుల్ని బయటికి తోస్తాయి, వాటి అంచులు బయటి గొట్టంలో ఉన్న గాడిలో దిగబడి బ్యారెల్‌ని తిరగనివ్వవు. సరైన కీ ఆ కిటికీల్లోంచి దూరినప్పుడు, కీ మీది ఒక్కో గాటు ఒక్కో రేకుని సరిగ్గా కావలసినంత లోపలికి లాగుతుంది. అన్ని రేకులూ బ్యారెల్ అంచుతో సమానమైతేనే తాళం తిరుగుతుంది. ఒక్కటి, ఒకే ఒక్క రేకు గోరంచు అంత బయటికి ఉన్నా తిరగదు. అర మిల్లీమీటరు కూడా లేని తేడాల మీద నడిచే వస్తువు అది.

యాభై ఏళ్లు రోజుకి నాలుగుసార్లు దూరి, తిరిగి, బయటికొచ్చిన కీ సంగతి ఇప్పుడు ఆలోచించండి. కీ ఇత్తడి, రేకులూ ఇత్తడి, రెండూ ఒకదాన్నొకటి అరగదీసుకుంటాయి. మీ నాన్నగారి కీని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుని పక్కనుంచి చూడండి. గాట్ల కొసలు కొత్త కీలో లాగా నిక్కచ్చిగా ఉండవు, నదిలో రాళ్ళలా గుండ్రంగా, నున్నగా మెరుస్తుంటాయి. ఆ మెరుపే అరుగుదల. ఇప్పుడు తాళాలు చేసే ఆయన మెషీన్‌లో ఒక పక్క ఈ కీ బిగించి, ఇంకో పక్క కొత్త బ్లాంక్, అంటే గాట్లు లేని కీ, బిగించి గీశాడు. మెషీన్‌కి ఏం తెలుసు పాపం, ఉన్న అరుగుదలని ఉన్నట్టే దించింది, దానికి మెషీన్ తేడా ఇంకో ఇసుమంత కలిసింది. అందుకే డూప్లికేట్ ఇంకా అధ్వాన్నమైంది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టే.

ఇది నిజమో కాదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. కీని పూర్తిగా లోపలికి తోసి, తర్వాత వెంట్రుకవాసి వెనక్కి లాగి, బలం పెట్టకుండా తిప్పి చూడండి. తిరగకపోతే ఇంకో వెంట్రుకవాసి. అలా ఒక చోట టక్కున తిరిగిందంటే జబ్బు కీదే. పూర్తిగా తోస్తే తిరగనిది, కొంచెం లాగితే తిరగడం అరిగిన కీ లక్షణం, అరిగిన గాట్ల వాలులో ఏదో ఒకచోట రేకులు సరైన ఎత్తుకి వస్తాయన్నమాట. ఒక్కోసారి తిరగడం, ఒక్కోసారి తిరగకపోవడం కూడా అందుకే. కీ ప్రతిసారీ ఒకే లోతులో కూర్చోదు కదా.

అయితే ఏం చెయ్యాలి? కొత్త కీ కావాలి, కానీ పాత కీని చూసి గీసింది కాదు. లాక్‌ని చూసి గీసింది. రెండు దారులున్నాయి. మొదటిది నంబరు. మీ అంబాసిడర్ బ్రిటిష్ కారు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 కడుపున పుట్టింది, హిందుస్థాన్ మోటార్స్ వాళ్ళు ఉత్తరపారాలో తయారుచేశారు. ఆ తరం బ్రిటిష్ తాళాల్లో కీ నంబరుని లాక్ ముఖం మీదో బ్యారెల్ పక్కనో కొట్టేవాళ్ళు. భూతద్దం, టార్చి పెట్టుకుని వెతకండి, నిక్కెల్ కింద మాసిపోయి ఉండొచ్చు. నంబరు దొరికితే ఫ్యాక్టరీ లోతుల్లోనే కొత్తగా గీయించుకోవచ్చు. రెండో దారి మన వీధుల్లో గొడుగు కింద కూర్చుని తాళాలు చేసే పెద్దవాళ్ళ దారి. ఖాళీ బ్లాంక్‌ని దీపం మీద పెట్టి మసి పట్టిస్తారు, లాక్‌లో పెట్టి మెల్లగా అటూ ఇటూ తిప్పి బయటికి తీస్తారు. రేకులు ఎక్కడ ఒత్తాయో అక్కడ మసి మీద సన్నటి గీత పడుతుంది. ఆ గీత దగ్గర ఆకురాయితో రెండు రాపుళ్ళు, మళ్ళీ మసి, మళ్ళీ లోపలికి. గీత పడడం ఆగిపోయిన చోట ఆ గాటు అయిపోయినట్టు. గంట పట్టే పని, ఓపిక ఉన్నవాడి పని. నేనైతే మెషీన్ ఉన్న కొట్టుకన్నా ఆ పెద్దాయన చేతినే నమ్ముతాను. ఆయనకి ఒక్క మాట చెప్పండి, "బాబాయ్, ఈ కీ చూసి గీయొద్దు, లాక్ చూసి గీయి" అని. ఆయనకి అర్థమైపోతుంది.

ఇక నూనె స్ప్రే. వారం బాగుండి మళ్ళీ మొదటికి రావడంలో వింతేమీ లేదు. చాలామంది వాడే డబ్ల్యూడీ-40 పేరులోనే ఉంది, నీటిని తరిమేందుకు చేసిన 40వ ప్రయత్నం అని. 1953లో అమెరికాలో శాన్ డియాగోలో దాన్ని తయారుచేసింది క్షిపణుల లోహానికి తుప్పు పట్టకుండా. తడి తరమడానికి, బిగిసినదాన్ని వదిలించడానికి అది మంచిదే, నా షెడ్డులోనూ ఉంది. కానీ స్ప్రే లోపలి పాత జిడ్డుని కరిగించి కొన్నాళ్ళు జారుడు ఇస్తుంది, తర్వాత పల్చటి భాగం ఆవిరైపోతుంది, మిగిలిన పొర మీద దుమ్ము, ఇత్తడి పొడి కూర్చుంటాయి. కొబ్బరి నూనె, ఇంజిన్ ఆయిల్, గ్రీజు అయితే మరీ ఘోరం. కీ బయటికి తీసినప్పుడు వేలికి నల్లగా ముద్దలా అంటుతోందా? అదే ఆ బురద. ఆ వెంట్రుకంత స్ప్రింగులు ఆ బురదలో రేకుల్ని తోయలేవు.

కాబట్టి కొత్త కీ చేయించే ముందు లాక్‌కి స్నానం చేయించాలి. బ్యాటరీ ఎర్త్ విప్పండి, ఇది తప్పనిసరి. కింద పాత గుడ్డ పరవండి. ఎలక్ట్రికల్ కాంటాక్ట్ క్లీనర్ డబ్బా ఒకటి కొనండి, సన్నటి గొట్టం ఉన్నది, రెండు మూడు దఫాలుగా కీ కన్నంలో కొట్టండి. కీ దూర్చి, తీసి, తెల్ల గుడ్డకి తుడవండి. మళ్ళీ. మళ్ళీ. మొదటి పదిసార్లు నల్లగా వస్తుంది, తర్వాత బూడిద రంగు, చిలుము పట్టి ఉంటే పచ్చగా కూడా వస్తుంది, చివరికి గుడ్డ తెల్లగానే ఉంటుంది. అప్పుడు ఆపి, అద్దాలు దించి, రాత్రంతా ఆరనివ్వండి. పెట్రోలు మాత్రం వాడొద్దు, డాష్‌బోర్డు వెనక వైర్ల మధ్య పెట్రోలు ఆవిరి అంటే ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఆరాక గ్రాఫైట్ పొడి. దొరక్కపోతే మెత్తటి పెన్సిల్, 6బి అయితే మేలు, కీ రెండు పక్కలా గాట్ల మీద దట్టంగా రుద్ది ఇరవైసార్లు లోపలికీ బయటికీ. చాలు. గ్రాఫైట్ మంచిదని చెంచాలతో పోయకండి, అది కరెంటుని మోసుకెళ్ళే వస్తువు, లాక్ వెనకే స్విచ్ కాంటాక్టులు ఉన్నాయి. గ్రాఫైట్ వేశాక మళ్ళీ నూనె వేయకండి, రెండూ కలిస్తే గట్టి పేస్టు అవుతుంది.

ఇదంతా చేశాక కూడా ఆన్ నుంచి వెనక్కి రావడానికి మొరాయిస్తే, అప్పుడు లాక్ బయటికి తీసి వెనక చూడాలి. బ్రిటిష్ ఎలక్ట్రికల్ కంపెనీ లూకాస్ తరహా చాలా స్విచ్‌ల పక్కన గుండుసూది దూరేంత కన్నం ఒకటి ఉంటుంది. కీని ఒక స్థానంలోకి తిప్పి, ఆ కన్నంలో సన్నటి గట్టి తీగ గుచ్చితే లోపలి పిన్ను లోపలికి పోయి బ్యారెల్ చేతిలోకి జారి వస్తుంది. మీ దానికి అలాంటి కన్నం ఉందేమో టార్చి వేసి చూడండి. బ్యారెల్ చేతికొచ్చాక కీ పెట్టి రేకుల్ని వేలితో తడిమి చూడండి, ఏది బయటికి పొడుచుకొచ్చిందో వేలికే తెలిసిపోతుంది. అక్కడ మీకు ఒక దురాశ పుడుతుంది, ఆ పొడుచుకొచ్చిన కొస ఆకురాయితో తీసేస్తే పోలా అని. చాలా షెడ్డుల్లో చేసేది అదే. నేను ఒప్పుకోను. తీసేసిన ఇత్తడిని మళ్ళీ అతికించలేం, రేపు సరైన కీ చేయించినా ఆ రేకు ఇక తాళంలో లేనట్టే, ఒక్కొక్కటే అలా తీసుకుంటూ పోతే చివరికి స్క్రూడ్రైవర్‌తో తిరిగే తాళం మిగులుతుంది. కీని సరిచేయండి, లాక్‌ని కోయకండి.

బ్యారెల్ తీయకుండానే వెనక స్విచ్ జోలికి వెళ్తే మాత్రం ముందు ఫోన్‌తో నాలుగు ఫోటోలు తీసుకోండి. బ్రిటిష్ పద్ధతిలో గోధుమ రంగు వైరు బ్యాటరీ నుంచి నేరుగా వచ్చేది, తెల్ల వైరు ఇగ్నిషన్‌కి వెళ్ళేది, నల్లది ఎర్త్. కానీ యాభై ఏళ్ల బండిలో ఎవరో ఎప్పుడో హారన్‌కి ఒకటి, రేడియోకి ఒకటి చేతికొచ్చిన రంగు వైరు కలిపి ఉంటారు. రంగుని నమ్మకండి, కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ లాంప్‌ని నమ్మండి.

నాన్నగారి కీ సంగతి. కొత్త కీ పని చేయడం మొదలుపెట్టాక ఆ కీని ఇక లాక్‌లో పెట్టకండి. జేబులో పెట్టుకోండి, ఆయన పెట్టుకున్నట్టే. కారు నడవడానికి అది అక్కర్లేదు, కానీ దాని అరుగుదల మొత్తం ఆయన చేతిదే కదా, పారేయకండి.

*

ప్రశ్న: అన్నా, వరంగల్ నుంచి రాస్తున్న. మా బాపు చేతక్ స్కూటర్ ఇప్పుడు నా దగ్గర ఉన్నది. హ్యాండిల్ లాక్ వేసి వానలో రెండు రోజులు ఉంచిన. మూడో రోజు తీయబోతే తిరగలే, గట్టిగా తిప్పిన, కీ సగం లోపలే విరిగింది. హ్యాండిల్ ఎడమకే ఉండిపోయింది, ఆటోలో ఎక్కించి తీసుకపోయే వీలు కూడా లేదు. డ్రిల్లు పెట్టి కొట్టేస్తమంటున్నరు. కొట్టియ్యనా?

జవాబు: వద్దు చెల్లీ, డ్రిల్లు చివరి మాట. పాత చేతక్‌లకి ఇగ్నిషన్ కీనే లేదు, కిక్ కొడితే స్టార్ట్ అయ్యేది, ఆ హ్యాండిల్ లాక్ ఒక్కటే దానికి కాపలా. అందుకని దాన్ని పాడుచేసుకోకు.

ముందు విరిగిన ముక్క. కన్నంలోకి టార్చి వేసి చూడు, ముక్క కొస కనిపిస్తోందా. విరిగినప్పుడు తాళం ఎంతో కొంత తిరిగి ఉంటే ముక్క బయటికి రాదు, ఎందుకంటే రేకులు దాన్ని పట్టుకుని ఉంటాయి. సన్నటి స్క్రూడ్రైవర్ కొసతో కన్నాన్ని మెల్లగా కీ పెట్టే స్థానానికి, అంటే నిలువు గీత నిలువుగా ఉండేలా, వెనక్కి తిప్పు. తర్వాత వడ్రంగులు నగిషీ కోసే సన్న రంపపు బ్లేడు ఒక ముక్క తీసుకో, అది దారమంత సన్నగా ఉంటుంది. పళ్ళు నీ వైపు వంగి ఉండేలా పట్టుకుని, విరిగిన కీ పక్కన గాట్ల వైపు దూర్చి, ఆ గాట్లకి పళ్ళు పట్టించి బయటికి లాగు. ఒక్కసారికి రాదు. ఒక మిల్లీమీటరు వస్తుంది, జారుతుంది, మళ్ళీ పట్టించాలి. కొంచెం బయటికొచ్చాక కనుబొమ్మలు తీసే చిమటాతో అందుకో. ఫెవిక్విక్ చుక్క పెట్టి అతికించి లాగుదామని ఎవరైనా చెప్తే వినకు, ఆ చుక్క రేకుల మీద పడితే తాళం అయిపోయినట్టే.

ముక్క వచ్చాక రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూసి కొత్త కీ చేస్తారు, పైన రాజమండ్రి ఆయనకి చెప్పినట్టు మసి పట్టించి చేయించుకో.

ఇప్పుడు అసలు సంగతి, ఎందుకు తిరగలేదో. హ్యాండిల్ లాక్ అంటే ఒక ఇనుప గూటం స్టీరింగ్ కాలమ్‌లో దిగడం. బండి స్టాండ్ మీద నిలబడినప్పుడు ముందు చక్రం బరువుకి ఒక పక్కకి వాలుతుంది, ఆ వాలు బరువంతా ఆ గూటం మీద పడి అది గాడిలో నొక్కుకుపోతుంది. అప్పుడు తాళం ఎంత మంచిదైనా తిరగదు. చేయాల్సింది కీకి బలం పెట్టడం కాదు. ఎడమ చేత్తో హ్యాండిల్‌ని లాక్ వైపు ఇంకా కొంచెం నెట్టి, అటూ ఇటూ కదుపుతూ, కుడి చేత్తో కీని తేలిగ్గా తిప్పుతూ ఉండాలి. గూటం మీద బరువు తేలిన క్షణంలో కీ దానంతటదే తిరుగుతుంది. స్టీరింగ్ లాక్ ఉన్న పాత కార్లకీ ఇదే మందు. పశ్చిమ జర్మనీలో 1961 నుంచి కార్లకి అలాంటి లాక్ తప్పనిసరి చేశారు, అప్పటినుంచి చక్రాలు తిప్పి పార్క్ చేసిన ప్రతివాడికీ ఈ తిప్పలు తెలుసు.

కీ విరిగినందుకు బాధపడకు. నేను షెడ్డు పెట్టిన కొత్తలో ఒక పెళ్ళివారి పాత కారుకి కీ తిరగకపోతే కటింగ్ ప్లయర్‌తో పట్టి తిప్పాను. పెళ్ళికొడుకు వెనక సీట్లో కూర్చునే ఉన్నాడు. టిక్ మని ఒక చప్పుడు, ప్లయర్‌లో కీ తల మాత్రమే ఉంది. ఆ చప్పుడు ఇప్పటికీ నాకు వినిపిస్తుంది. ఆ రోజు నుంచి నా షెడ్డులో కీని ప్లయర్‌తో పట్టుకోనివ్వను, ఎవర్నీ. రెండు వేళ్ళ బలానికి తిరగని తాళం ఏదో చెప్తోంది, వినాలి.

*

ప్రశ్న: గురువు గారూ, మాది హైదరాబాద్. 1983 బుల్లెట్. నడుస్తుండగా కీ ఊడి కింద పడిపోతోంది, బండి మాత్రం ఆగడం లేదు. ప్రమాదమా? నా కీచెయిన్‌కి ఇంటి తాళాలు, ఆఫీసు తాళాలు, ఒక ఇత్తడి ఆంజనేయస్వామి ఉన్నాయి.

జవాబు: స్వామిని ఇంట్లో దేవుడి గదిలో పెట్టండి. ఆ గుత్తి మొత్తం బుల్లెట్ అదురుకి గంటల తరబడి ఊగుతూ కీని కిందికి లాగుతుంటే కీ, రేకులు రెండూ అరిగాయి. ఆన్‌లో ఉన్నప్పుడు కీని పట్టి ఉంచాల్సిన రేకులు ఇప్పుడు పట్టడం లేదు. బండి ఆగకపోవడం మంచిదే, కానీ కీ పోయాక ఆపాలంటే ఏం చేస్తారు? ముందు కొత్త కీ చేయించండి, అప్పటిదాకా ఇగ్నిషన్ కీని ఒంటరిగా సన్నటి తాడుతో హ్యాండిల్‌కి కట్టుకోండి. కొత్త కీ పెట్టినా ఊడుతుంటే రేకులే అరిగాయని అర్థం, మీ విషయంలో స్విచ్ మార్చడమే నయం. 1983 బుల్లెట్‌కి స్విచ్ దొరకడం కష్టం కాదు.

*

ప్రశ్న: బెంగళూరులో ఉంటాను, ఊరు అనంతపురం. యెజ్దీ కొన్నాను. మా వీధిలో ఇంకో జావా ఉంది, వాళ్ళ కీతో నా బండి ఆన్ అయింది! నా లాక్ పాడైందా?

జవాబు: లేదు తమ్ముడూ. జావా, యెజ్దీ రెండూ మైసూరు ఐడియల్ జావా కంపెనీ బండ్లే, వాటిలో పాత రకం కీకి గాట్లే ఉండవు. అది తాళం చెవి అనడం కన్నా స్విచ్‌ని తోసే పిడి అనాలి. ఒక బండిది ఇంకో బండికి పడుతుంది, అప్పట్లో అందరికీ తెలిసిన సంగతే. కాబట్టి నీ బండికి గ్రాఫైట్, మసి, ఇవేమీ అక్కర్లేదు. ఇరుకుగా ఉందంటే హెడ్‌లైట్ డూమ్‌లో కాంటాక్ట్ ప్లేటు చిలుము పట్టి ఉంటుంది, విప్పి సన్న ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్దు. బయట ఆపేటప్పుడు మాత్రం ఒక గట్టి గొలుసు, కప్ప వెంట తీసుకెళ్ళు.

*

ప్రశ్న: మాది విజయవాడ. 1994 అంబాసిడర్. కీ తిప్పి స్టార్ట్ చేశాక కీ వెనక్కి రావడం లేదు, స్టార్టర్ మోటర్ గీమంటూ తిరుగుతూనే ఉంది. వేలితో వెనక్కి తెస్తే ఆగుతోంది. అలా అలవాటు చేసుకున్నాం.

జవాబు: ఆ అలవాటు ఇవాళే మానండి. ఈ ఉత్తరాలన్నిట్లో నాకు నిజంగా టెన్షన్ పెట్టింది ఇదే. స్టార్టర్ మోటర్ కొన్ని సెకన్ల పనికి చేసిన వస్తువు. ఇంజిన్ అందుకున్నాక కూడా దాన్ని వదలకపోతే మోటర్ కాలుతుంది, ఫ్లైవీల్ పళ్ళు పోతాయి, బ్యాటరీ నుంచి వచ్చే ఆ లావు కేబుల్ వేడెక్కి ఇన్సులేషన్ కరిగితే మంట కూడా. మీరు మరిచిపోయిన ఒక్క రోజు చాలు.

కారణం రెండిట్లో ఒకటి. కీ వదలగానే వెనక్కి తెచ్చే స్ప్రింగు బ్యారెల్‌లో కాదు, వెనక స్విచ్‌లో ఉంటుంది, అది అలిసిపోయి ఉండొచ్చు. లేదా ఎవరో గ్రీజు పెట్టి అది గట్టిపడి ఉండొచ్చు. తేల్చడం తేలిక. బ్యాటరీ ఎర్త్ తీసి, కీని స్టార్ట్ దాకా తిప్పి వదలండి. నీరసంగా సగం దూరం వచ్చి ఆగితే స్ప్రింగు, జిగురు మీద జారుతున్నట్టు మెల్లగా వస్తే గ్రీజు. కీ చక్కగా వెనక్కి వచ్చినా బ్యాటరీ కలిపినప్పుడు మోటర్ ఆగకపోతే తప్పు తాళానిది కాదు, స్టార్టర్ మోటర్‌కి కరెంటు కలిపే సాలినాయిడ్ కాంటాక్టులు అతుక్కున్నాయి. స్ప్రింగు అయితే స్విచ్ మార్చేయండి, ఇక్కడ నేను పాతదాన్ని కాపాడమని చెప్పను. బ్యారెల్ పాతదే ఉంచి వెనక స్విచ్ ఒక్కటే మార్చడం కుదిరితే కీ మార్చాల్సిన పని కూడా లేదు. అదయ్యేదాకా బండి తీయకండి.

*

ప్రశ్న: ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటున్నాం, గుంటూరు వాళ్ళం. మావారికి పుట్టినరోజుకి పాత మోరిస్ మైనర్ కొన్నాను. కీ ఒకటే ఇచ్చారు, అదీ అరిగిపోయింది. దాని మీద ఎఫ్‌ఎస్ అని, పక్కన ఒక నంబరు ఉంది. అది దేనికి?

జవాబు: అమ్మా, మీ చేతిలో ఉన్నది అదృష్టం. ఆ నంబరే మీ తాళం జాతకం. ఆ రోజుల్లో బ్రిటిష్ కార్లకి కీలు సిరీస్‌లుగా వచ్చేవి, ఎఫ్‌ఎస్ అయితే 876 నుంచి 955 దాకా, ఎఫ్‌ఏ అయితే 501 నుంచి 625 దాకా. అంటే ఎఫ్‌ఎస్‌లో మొత్తం తేడా కీలు ఎనభయ్యే. పాత కార్ల విడిభాగాలు అమ్మేవాళ్ళకి మీ నంబరు చెప్పండి, ఆ నంబరు కీ కొత్తది ఇస్తారు, అరిగిన కీని వాళ్ళకి చూపించాల్సిన పని కూడా లేదు. ఒక్క జాగ్రత్త. కీ మీద నంబరు, లాక్ ముఖం మీద నంబరు ఒకటేనా కాదా ముందు చూడండి. మధ్యలో ఎవరైనా లాక్ మార్చి ఉంటే లాక్ మీదిదే లెక్క. రెండు కీలు తెప్పించి ఒకటి ఇంట్లో పెట్టండి. మీవారికి మా తరఫున శుభాకాంక్షలు.

*

ప్రశ్న: నెల్లూరు నుంచి. మా కారుకి యాభై ఏళ్లు దాటాయి, వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయిద్దామనుకుంటున్నాం. ఇగ్నిషన్ లాక్ మారిస్తే ఒప్పుకోరా?

జవాబు: లాక్‌కి భయపడకండి. 2021 జులైలో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో యాభై ఏళ్లు దాటిన, సొంతానికి వాడుకునే రెండు చక్రాల, నాలుగు చక్రాల బండ్లకి ఈ వెసులుబాటు ఇచ్చారు. చాసీ, బాడీ, ఇంజిన్ అసలు రూపంలో ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు అన్నదే షరతు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్ళీ చేయించడానికి 5,000. నంబరు ప్లేటు మీద రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ అని వస్తుంది. రోజువారీ ప్రయాణాలకి, కిరాయికి ఆ బండి తిప్పకూడదు, అది ముందే ఆలోచించుకోండి. పాత లాక్ మాత్రం మార్చినా పారేయకండి, ఒక కవర్లో వేసి, తీసిన తేదీ రాసి డిక్కీలో పెట్టండి. రేపు ఆ కారు ఎవరి చేతికెళ్ళినా, దాన్ని మళ్ళీ బాగుచేసే ఓపిక ఉన్నవాడు ఒకడు వస్తాడు.